మర్ఖా లోయ 5 రోజుల్లో వద్దండీ, ఊరూరా ఆగుతూ వెళ్ళండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. జులై చివర్లో 58 ఏళ్ళ మీ నాన్నగారిని తీసుకుని లడఖ్‌లో మర్ఖా వ్యాలీ ట్రెక్‌కి వెళ్దామనుకుంటున్నారు, ఒక కంపెనీ వాళ్ళేమో లేహ్‌లో దిగిన మర్నాడే బయల్దేరదీసి 5 రోజుల్లో టెంట్లతో మొత్తం పూర్తి చేయిస్తామంటున్నారు, అది తీసుకోవాలా లేక ఊళ్ళలో హోమ్‌స్టేల్లో పడుకుంటూ మనమే వెళ్ళాలా అని. నేనైతే ఆ 5 రోజుల ప్యాకేజీ అస్సలు వద్దంటాను. లేహ్‌లో ఒక లోకల్ గైడ్‌ని మాట్లాడుకుని, ఇంకో మూడు నాలుగు రోజులు సెలవు ఎక్కువ పెట్టుకుని, హోమ్‌స్టేల్లో ఉంటూ వెళ్ళండి. మా అక్కా బావలతో నేను అలాగే వెళ్ళాను, బావకి అప్పటికే యాభై దాటాయి, బీపీ మాత్ర వేసుకునే మనిషి, డాక్టర్ దగ్గర చెకప్ చేయించుకునే వచ్చాడు, హాయిగా నడిచాడు.

ముందు ఎత్తు సంగతి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కి ఫ్లైట్‌లో వెళ్తే పొద్దున ఇంట్లో కాఫీ తాగిన మనిషి అదే రోజు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటాడు, ఒంటికి అది అలవాటవ్వాలి కదా. అందుకని లేహ్‌లో కనీసం మూడు రాత్రులు ఉండండి. మొదటి రోజు నిజంగానే ఏమీ చెయ్యకండి, మార్కెట్ చూద్దాం శాంతిస్తూపం మెట్లెక్కుదాం అని బయల్దేరొద్దు, గది, మంచం, నీళ్ళు, అంతే. రెండోరోజు సాయంత్రం మెల్లగా బజారు దాకా నడవచ్చు. ఆ రోజుల్లో మద్యం ముట్టుకోకండి. డయామాక్స్ అని ఎత్తుకి ఒళ్ళు అలవాటవ్వడానికి వేసుకునే మాత్ర ఉంది, దాని గురించి మీ డాక్టర్‌ని ఇక్కడే అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళకి అది పనికిరాదు, మీ నాన్నగారు వేరే మాత్రలు వాడుతుంటే అదీ చూసి చెప్తారు. వేసుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటాయి, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్ళాల్సొస్తుంది, కంగారు పడొద్దు.

ఇప్పుడు ఆ 5 రోజుల ప్లాన్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ట్రెక్ మొదలయ్యే చిల్లింగ్ లేహ్ కన్నా కిందే ఉంటుంది, సుమారు 3,200 మీటర్లు, తర్వాత స్కియూ, మర్ఖా, హంకర్ అనే ఊళ్ళమీదుగా ఎక్కుడు తెలీకుండానే 4,000 మీటర్ల దగ్గరికి వస్తాం, ఇక్కడిదాకా చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. అసలు తిప్పలంతా హంకర్ తర్వాతే. ఒక్కరోజులో నీమలింగ్ అనే గడ్డిమైదానానికి ఎక్కించేస్తారు, అది 4,800 మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే పడుకునే ఎత్తు ఒకేసారి 800 మీటర్లు పెరిగిపోతుంది. మూడు వేల మీటర్లు దాటాక రోజుకి 500కి మించి పడుకునే ఎత్తు పెంచొద్దు అన్నది డాక్టర్లు చెప్పే లెక్క. మేం నీమలింగ్‌లో ఉన్న రాత్రి పక్క టెంట్లో ఒక కుర్రాడికి సాయంత్రం తలనొప్పితో మొదలై రాత్రికి వాంతులు, నిలబడితే తూలిపోతున్నాడు, వాళ్ళ గైడ్ కాసేపు చూసి ఇంక ఆలోచించకుండా గుర్రమ్మీద కూర్చోబెట్టి తలకి కట్టుకునే లైట్ల వెలుగులో హంకర్‌కి దించేశాడు, మర్నాడు తెలిసింది కిందికెళ్ళాక కుదుటపడ్డాడని. పాతికేళ్ళ కుర్రాడు, జిమ్‌కెళ్ళే ఒళ్ళు. వయసుకీ దీనికీ సంబంధం లేదండీ, ఎంత తొందరగా ఎక్కామన్నదే లెక్క. కాబట్టి హంకర్‌లో రెండు రాత్రులు ఉండండి, లేదంటే మధ్యలో 4,200 దగ్గర తచుంగ్‌త్సే అని ఒక మకాం ఉంది, అక్కడ ఆగండి. తూలినా, తికమకగా మాట్లాడినా, ఊరికే కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రా పగలా అని చూడకుండా కిందికి దిగడమే మందు.

హంకర్‌లో ఆ ఎక్స్‌ట్రా రోజు వృథా అనుకునేరు, నన్నడిగితే మొత్తం ట్రెక్‌లో బెస్ట్ రోజు అదే. కంపెనీ గ్రూపులు ఊరి బయట టెంట్లు వేసుకుని పొద్దున్నే లేచి వెళ్ళిపోతాయి, ఊరు ఏంటో వాళ్ళకి తెలీదు. ఇంట్లో ఉంటే వేరు. లడఖీ ఇంట్లో వంటిల్లే పెద్ద గది, మధ్యలో నల్లటి ఇనప పొయ్యి, గోడంతా అల్మరాలు, వాటిల్లో రాగి ఇత్తడి గిన్నెలు గరిటెలు వరసగా తళతళా మెరుస్తూ ఉంటాయి. ఆ రాగి సామాను చాలావరకు మీరు నడక మొదలుపెట్టిన చిల్లింగ్‌లో తయారైందే, ఆ ఊరు కంచర్ల ఊరు, షే ప్యాలెస్‌లో పెద్ద బుద్ధ విగ్రహం చెయ్యడానికి ఎప్పుడో నేపాల్ నుంచి రప్పించిన పనివాళ్ళ వంశం మాదని చెప్పుకుంటారు. గోడవారగా పరుపులు, ముందు పొట్టి బల్లలు, పొయ్యికి దగ్గరి చోటు పెద్దవాళ్ళది, మీ నాన్నగారిని అక్కడే కూర్చోబెడతారు చూడండి. ఇంటావిడని ఆమాలే అనీ, ముసలాయన్ని మెమేలే అనీ పిలవండి, ఎదురైన ప్రతివాళ్ళకీ జూలే అనండి, మన నమస్తే లాంటిది, అంతకుమించి భాష రాకపోయినా పర్లేదు, హిందీ చాలామందికి వచ్చు.

తిండి గురించి మనవాళ్ళు భయపడతారు గానీ అక్కర్లేదు. అన్నం పప్పు రోజూ దొరుకుతుంది. స్క్యూ అని గోధుమపిండి ముద్దని బొటనవేలితో నొక్కి చిన్నచిన్న గిన్నెల్లా చేసి కూరగాయల్తో కలిపి ఉడికిస్తారు, నేను ఆమాలే పక్కన కూర్చుని ఓ గంట అవే చేశాను, ఆవిడ వేలికి ఒకే సైజులో వస్తున్నాయి, చూడకుండానే చేసేస్తోంది. బార్లీని ఇసకలో వేయించి నీటి మరలో విసిరిన పిండిని ఙంఫే అంటారు, తొలి ఏకాదశికి మనం చేసుకునే పేలపిండి రుచే, వెన్న టీలో కలుపుకుని తింటారు. వెన్న టీ ఉప్పగా ఉంటుంది, టీ అనుకోకుండా సూప్ అనుకుని తాగండి, చలికి ఒంట్లోకి భలే దిగుతుంది. చిన్న టిప్, కప్పు ఖాళీ చేస్తే నింపుతూనే ఉంటారు, ఇంక చాలనుకుంటే నిండుగా వదిలేయండి, లేచేముందు తాగెయ్యండి. కారప్పొడి ఒక చిన్న డబ్బా పట్టుకెళ్ళండి, మా అక్క తుక్పా అనే నూడుల్స్ సూప్‌లో వేసిస్తే ఇంటాయనకి తెగ నచ్చేసి ఆ డబ్బా అక్కడే ఉండిపోయింది.

బాత్‌రూమ్ విషయం ముందే నాన్నగారికి చెప్పండి, అక్కడికెళ్ళాక ఇబ్బంది పడకుండా. మేడమీద మట్టి నేల గది, మధ్యలో కన్నం, మూల మట్టిగుట్టా పారా. పనయ్యాక రెండు పారల మట్టి కన్నంలోకి తొయ్యాలి, అంతే, వాసన రాదు. కింద పోగైంది ఎరువై వేసవి మొదట్లో చేలోకి పోతుంది. నీళ్ళు పొయ్యకూడదు, వెట్ వైప్స్ అస్సలు వెయ్యకూడదు, అవి మీతోపాటే లేహ్‌కి తిరిగి తెచ్చుకోండి. ఏడాదంతా కలిపి వంద మిల్లీమీటర్ల వాన పడే చోటండీ అది, మంచు కరిగిన నీళ్ళే ఆధారం. ఎవరి చేనుకి ఏ రోజు నీళ్ళు వదలాలో చూడ్డానికి ఊళ్ళో ఒకాయన ఉంటాడు, చుర్‌పొన్ అంటారు. పొద్దున్నే కాలవ గట్టున నిలబడి చూశాను, ఒక పెద్దాయన పారతో ఒక రాయీ రెండు గడ్డిపెళ్ళలూ తీశాడు, నీళ్ళు ఆ చేలోకి మళ్ళాయి, కాసేపాగి మళ్ళీ అదే రాయి అదే చోట పెట్టి పెళ్ళలు కాలితో తొక్కి ఇంకో మడి తెరిచాడు. గొడవ లేదు, మోటారు లేదు. ఆ బార్లీ చేలు మీరెళ్ళే టైమ్‌కి పచ్చగా ఉంటాయి, ఆగస్టు చివరికి పండుతాయి.

హోమ్‌స్టేలు నేను ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ లోయంతా హెమిస్ నేషనల్ పార్క్‌లోది, మంచు చిరుతలకి పేరున్న చోటు. చిరుత రాత్రిపూట దొడ్లో దూరితే ఒకటి కాదు, చాలా గొర్రెల్ని చంపేస్తుంది, ఒక ఇంటి ఏడాది ఆదాయం పోతుంది, అందుకని అప్పట్లో జనం పగబట్టి చిరుతల్ని చంపేవాళ్ళు. 2000ల మొదట్లో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ వాళ్ళు దొడ్లమీద వల కప్పించడం, ఊళ్ళలో హోమ్‌స్టేలు పెట్టించడం మొదలుపెట్టారు, చిరుత బతికుంటే మాకూ నాలుగు డబ్బులొస్తాయి అన్న పరిస్థితి వచ్చింది. చాలా ఊళ్ళలో అతిథుల్ని వంతులవారీగా పంచుకుంటారు, మీకు కేటాయించిన ఇల్లు కాస్త పాతగా ఉందని పక్కింటికి మారతామనొద్దు. ఆ డబ్బు నేరుగా ఆమాలే చేతికి వెళ్తుంది, పిల్లలు లేహ్‌లో చదువుకోవడానికి పనికొస్తుంది. స్కూళ్ళు ఉద్యోగాల కోసం చిన్నవాళ్ళంతా వెళ్ళిపోయి కొన్ని ఇళ్ళలో ముసలివాళ్ళే మిగిలారు, జీప్ రోడ్డు కూడా ఏటేటా లోయలోకి జరుగుతోంది, అందుకే వెళ్ళేదేదో త్వరగా వెళ్ళమంటాను.

గోంపాలు, అంటే బౌద్ధ మఠాలు, చూడాలంటే తాళంచెవి ఊళ్ళో ఎవరింట్లోనో ఉంటుంది, అడగాలి. దారిలో ఓం మణి పద్మే హూం చెక్కిన రాళ్ళ గోడలొస్తాయి, అవి మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలి, రాయి ఒక్కటీ తీసుకోకూడదు. మర్ఖా దాటాక కొండ అంచున వేలాడుతున్నట్టు తెచా గోంపా కనపడుతుంది, ఎక్కడానికి ఊపిరాడదు గానీ ఎక్కండి.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. మర్ఖాలో మేమున్న ఇంటి మెమేలే ఏ ఊరని అడిగితే బావ ఆంధ్రా అన్నాడు, ఆయన వెంటనే "అమరావతి!" అని రెండు చేతులూ జోడించాడు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం చేసినప్పుడు లేహ్ నుంచి జట్టుగా వచ్చారట, రైళ్ళు మారి మారి. బుద్ధుడు కాలచక్రని మొదట బోధించింది ధాన్యకటకం స్తూపం దగ్గరే అన్నది వాళ్ళ సంప్రదాయం, అంటే మన అమరావతి. గుంటూరు ఎండ గురించి, కృష్ణలో స్నానం గురించి, అరటిపళ్ళ గురించి చెప్తూనే ఉన్నాడు, జనవరిలోనే అంత ఎండా అని ఇప్పటికీ ఆశ్చర్యం ఆయనకి. మర్నాడు గోంపా తలుపు తీసి తల వెనక పాము పడగలున్న భిక్షువు బొమ్మ చూపించి మీవాడే అన్నాడు, ఆచార్య నాగార్జునుడు. గుంటూరు జిల్లాలో పుట్టి స్తూపం దాకా ఒక్కసారి కూడా వెళ్ళని మా అక్క ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయింది. టెంట్లో పడుకుని వెళ్ళిపోయుంటే ఆ మెమేలే మాకు తగిలేవాడే కాదు.

ఇంక నడక సంగతులు గబగబా చెప్పేస్తాను. వాగులు దాటాల్సి ఉంటుంది, మధ్యాహ్నం అయ్యేకొద్దీ పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, పొద్దున మోకాలి కింద ఉన్న వాగు మూడింటికి తొడలదాకా వస్తుంది, అందుకని 6, 7 మధ్యలోనే బయల్దేరండి, దాటడానికి వెనక పట్టీ ఉన్న ఫ్లోటర్స్ పెట్టుకోండి. వాన పట్టిందంటే ఇరుకు గండ్లలోకి దిగొద్దు, 2010 ఆగస్టులో లేహ్‌లో క్లౌడ్‌బర్స్ట్‌కి ఏమైందో ఆ ఊళ్ళలో అందరికీ గుర్తే, గైడ్ ఆగుదామంటే ఆగండి. స్కియూ నుంచి మర్ఖా చాలా దూరం, నాన్నగారికి ఎక్కువనిపిస్తే మధ్యలో సారాలో పడుకోండి. బ్యాగులకి గుర్రం మాట్లాడండి, ఆ వయసులో బరువు మొయ్యడం దేనికి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పని చెయ్యవు, పోస్ట్‌పెయిడ్ కావాలి, అదీ లేహ్‌లోనే, లోయలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. ఏటీఎం కూడా ట్రెక్ దారిలో ఎక్కడా లేదు, నోట్లు చిన్నవి ఎక్కువ తీసుకెళ్ళండి. నీమలింగ్‌లో ఊరు లేదు, సీజన్‌లో టెంట్లు వేస్తారు, గొర్రెలు యాకులు మేపుకునేవాళ్ళు ఉంటారు, జులైలో కూడా రాత్రి నీళ్ళు గడ్డకడతాయి, మంచి జాకెట్ ఉండాలి. పైన కాంగ్ యాత్సే శిఖరం, 6,400 మీటర్లు, ఎదురుగా నిలబడి ఉంటుంది.

చివర్రోజు దాటాల్సిన కనుమ కొంగ్‌మారు లా, దాదాపు 5,200 మీటర్లు, గాలిలో ఆక్సిజన్ మన ఊళ్ళో దొరికేదాంట్లో సగం. నీమలింగ్ నుంచి ఎక్కుడు ఎక్కువేం కాదు, పదడుగులకోసారి ఆగుతూ వెళ్తే అయిపోతుంది. కష్టం అటువైపు దిగడంలో ఉంది, శాంగ్ సుమ్డో దాకా 1,500 మీటర్లు దిగాలి, మోకాళ్ళు పట్టేస్తాయి, ట్రెక్కింగ్ కర్రలు రెండు నాన్నగారికి తప్పకుండా ఇప్పించండి. హంకర్‌లో ఆయనకి తేడాగా అనిపిస్తే ఆ కనుమ సంగతి మర్చిపోయి వచ్చిన దారినే చిల్లింగ్ వైపు తిరిగి వచ్చెయ్యండి, ఊళ్ళన్నీ చూసేసినట్టే, పోయిందేమీ లేదు. శాంగ్ సుమ్డోకి కారు మాత్రం లేహ్‌లోనే మాట్లాడుకుని తేదీ చెప్పి వెళ్ళండి, ఒకరోజు అటూ ఇటూ అయినా ఆగేలా, అక్కడ దిగాక ఫోన్ చేసి పిలుద్దామంటే కుదరదు.