అక్షం కదిలిందని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఖండ చలనం మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఖండాలు జరిగితే బరువు ఒకవైపు మొగ్గి భూభ్రమణాక్షం ఒరిగిపోతుందని రెండో పేరాలో రాశావు. ఈ విషయంలో ఏది కదిలిందన్నా, దేనితో పోలిస్తే కదిలిందో వెంటనే చెప్పి తీరాలి.

ఖండాలను మోస్తున్న భూమి పైపొర ముక్కలు, అంటే ఫలకాలు, ఒకదానితో పోలిస్తే ఒకటి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరగడం ఒక కదలిక. నక్షత్రాలతో పోలిస్తే అక్షం దిశ మారడం వేరు. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టు పూర్తయ్యే అయన చలనం ఆ కోవలోది. భూమిలో బరువుల పంపకం మారినప్పుడు, అక్షం ఆకాశంలో తన దిశను నిలుపుకుంటుండగానే భూగోళమంతా పక్కకు దొర్లి, ధ్రువం నేల మీద మరో చోటికి చేరడం మూడోది. దాన్ని ధ్రువ సంచారం అంటారు. నీ పేరాలో చివరి రెండూ కలగలిసిపోయాయి.

మూడోదాని దగ్గర నిదానించు. తిరగడం వల్ల భూమి నడుము ఉబ్బి, వ్యాసార్ధం మధ్యరేఖ దగ్గర 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు ఉంది. అక్షాన్ని నిలబెట్టేది ఈ ఉబ్బే. ఖండం ఎంత పెద్దదైనా, దాని తేలికపాటి శిల కిందనున్న బరువైన ప్రావారంలోకి (భూమి పైపెంకుకు, నడిమి గర్భానికి మధ్యనున్న మందపాటి శిలా పొరలోకి) దిగి తేలుతుంది కనుక, పైకి కనిపించే ఎత్తుకు కింద లోటు చాలావరకు సరిపోయి, నికరంగా మిగిలే అదనపు బరువు స్వల్పం. పర్వతాల ఎత్తు చూపించి అక్షాన్ని ఒరిగించడం అందుకే తగదు. అయితే ప్రావారం సుదీర్ఘ కాలంలో చిక్కటి ద్రవంలా పారుతుంది. ధ్రువం మెల్లగా జరుగుతుంటే ఉబ్బు కూడా కొత్త మధ్యరేఖకు సర్దుకుంటుంది. 1955లో ఖగోళ శాస్త్రవేత్త థామస్ గోల్డ్ ఈ వాదన చేశాడు, 1969లో గోల్డ్‌రైచ్, టూమ్రే అనే శాస్త్రవేత్తలు దాన్ని గణితంతో బలపరిచారు. కాబట్టి అక్షం స్థిరమని రాసిన ప్రతి వాక్యంలోనూ ఎంత కాలానికో చెప్పడం మన బాధ్యత.

1891లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త చాండ్లర్ అక్షాంశ కొలతల్లో సుమారు 14 నెలల ఊగిసలాటను పట్టుకున్నాడు. ధ్రువం నేల మీద కొన్ని మీటర్ల పరిధిలో తిరుగుతూనే ఉంటుందన్న ఆ సంగతి నీ వ్యాసంలో తప్పక ఉండాలి.

ప్రాచీన శిలల అయస్కాంతత్వం గురించి రాసిన భాగం బాగుంది, కానీ ఇంకొంత విస్తరించు. శిల ఏర్పడినప్పటి ధ్రువం ఎటుందో దాని అయస్కాంతత్వంలో నిలిచిపోతుంది. ఆ గుర్తులను బట్టి ఖండాలన్నిటిలోనూ ధ్రువం ఒకే కాలంలో ఒకే తీరున జరిగినట్టు కనిపిస్తే అది భూగోళమంతా దొర్లిన గుర్తు. ఒక్కో ఖండం ఒక్కో దారి చూపిస్తే అది ఖండ చలనం. ఈ తేడాను ముందుకు తెచ్చి, రెండో పేరాను తిరగరాసి పంపు.