నల్లకోటు ఎక్కడ వేసుకోవాలో ముందు తేల్చుకోండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. ఇంగ్లండులో ఎల్‌ఎల్‌బీ చేస్తూ మధ్యలో ఏడాది జర్మనీలో చదివే కోర్సు ఉందంటోంది. తిరిగొచ్చి నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు పెట్టుకోగలదా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: అలాంటి కోర్సులున్నాయి. అక్కడ మామూలు ఎల్‌ఎల్‌బీ 3 ఏళ్లు, విదేశీ ఏడాదితో కలిపి 4. సాధారణంగా మూడో ఏడు బయట, నాలుగో ఏడు మళ్లీ సొంత యూనివర్సిటీలో. యూకాస్ (అక్కడి యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఉండే ప్రవేశాల సంస్థ) దరఖాస్తులో చాలాచోట్ల ఈ రెండిటికీ కోడ్‌లు వేరు. మూడేళ్ల కోడ్‌తో చేరి తర్వాత మార్చుకోవచ్చులే అనుకోకండి. వీసా గడువు కోర్సును బట్టి ఇస్తారు. మధ్యలో ఏడాది కలిస్తే పొడిగింపుకు మళ్లీ ఫీజు, మళ్లీ హెల్త్ సర్‌చార్జి. జర్మనీ వీసా ఎటూ వేరే.

అసలు చిక్కు ప్రాక్టీసు దగ్గరుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లెక్కలో న్యాయవిద్య అంటే ఇంటర్ తర్వాత 5 ఏళ్లు, లేదా డిగ్రీ తర్వాత 3 ఏళ్లు. ఇంటర్ అవగానే చేసిన ఇంగ్లండు డిగ్రీ ఈ రెండిట్లోనూ ఇమడదు. జర్మనీ ఏడాది కలిసినా 4 అవుతుంది గానీ 5 కాదు. అందుకే తిరిగొచ్చాక ఆ లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు, విదేశీ డిగ్రీ ఉన్న భారతీయులకు పెట్టే అర్హత పరీక్ష, ఆపైన లాయర్లందరూ రాయాల్సిన అఖిల భారత బార్ పరీక్ష (ఏఐబీఈ). కాంట్రాక్టు చట్టం మూలాలు అక్కడివే కాబట్టి కొంత పనికొస్తాయి. మన సివిల్ ప్రొసీజర్ కోడు, 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) మాత్రం మొదటినుంచీ చదవాల్సిందే. ఆ యూనివర్సిటీ డిగ్రీని బార్ కౌన్సిల్ గుర్తిస్తుందో లేదో అడ్వాన్సు కట్టకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి. ఏజెంటు మాట చాలదు.

నెల్లూరు కోర్టే గమ్యమైతే లా ప్రవేశ పరీక్షలైన క్లాట్ లేదా లాసెట్ రాయించి ఇక్కడే 5 ఏళ్ల కోర్సులో చేర్చడం మేలని మా అభిప్రాయం. జాతీయ లా యూనివర్సిటీల్లో చాలావాటికి విదేశాల్లో ఒక సెమిస్టరు చదివే ఏర్పాటుంది. పరస్పర ఒప్పందం ఉన్నచోట బోధన ఫీజు ఇక్కడిదే కడితే సరి. విమానం, బస, తిండి మనవి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంగ్లండులో లా సీటొచ్చింది. మాకు కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు, పొలం ఉన్నాయి. వీసాకు ఆస్తి విలువ చూపితే చాలదా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: చాలదమ్మా. పొలం, బంగారం లెక్కలోకి రావు. మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సిన మొత్తం, అక్కడ ఉండటానికి 9 నెలల ఖర్చు కలిపి ఖాతాలో వరుసగా 28 రోజులు నిలవుండాలి. ఒక్కరోజు తగ్గినా తిరస్కరిస్తారు. రొయ్యల పట్టుబడి డబ్బు వేసి, మేత బాకీకి నాలుగు రోజులు తీసి మళ్లీ వేద్దామనుకుంటే అక్కడే బోల్తా. విడిగా ఖాతా తెరిచి, దానికి కార్డు గానీ యూపీఐ గానీ పెట్టుకోకండి. స్టేట్‌మెంటు చివరి తేదీకీ దరఖాస్తుకూ మధ్య 31 రోజులు దాటకూడదు.

ఖాతా తల్లిదండ్రులదైతే జనన ధ్రువపత్రం, మీ సమ్మతి లేఖ జతచేయాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, జనన పత్రంలో అసలు లేకుండా ఉండటం మనవైపు మామూలే. ఇవి సరిచేయించడానికి రోజులు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి. పొలాన్ని వాడుకోవాలంటే బ్యాంకులో తనఖా పెట్టి విద్యా రుణం తీసుకోండి. మంజూరు లేఖ చెల్లుతుంది, అయితే రుణం అబ్బాయి పేరున ఉండాలి, లేఖ 6 నెలల లోపుదై ఉండాలి.