నాన్నగారి భోజనం సంగతేమిటి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పీఆర్ ఏజెన్సీలో (కంపెనీల వార్తలు పేపర్లలో వచ్చేలా చూసే సంస్థ) పదేళ్లుగా పనిచేస్తున్నాను. మా ఆఫీసులో 80 మందిమి. తెల్లారేసరికి పేపర్లన్నీ చూసి క్లయింట్లకు కవరేజ్ రిపోర్ట్ పంపాలి. రాత్రి ఎడిషన్లు మూసేదాకా ప్రెస్‌నోట్ల కోసం ఫోన్లు. నిద్ర లేదు, ఎప్పుడూ టెన్షన్. పాపకు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది కాబట్టి ఆ బెంగ లేదు. నాన్నగారు తెనాలిలో ఒక్కరే ఉంటారు, ఆయనకు అలవాటైపోయింది. మా వారు వీలైనప్పుడు సాయం చేస్తారు. జీతం తగ్గినా ఏదైనా కంపెనీ కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌లో చేరితే ప్రశాంతంగా ఉంటుందా?
- ఒక సోదరి

సలహా: ఉండదమ్మా. ఇప్పుడు పది మంది క్లయింట్లు ఫోన్ చేస్తున్నారు, అక్కడ ఎండీ ఒక్కరే పది సార్లు చేస్తారు. ఆ ప్రశ్న ఇప్పటికి వదిలేయండి.

నాన్నగారికి అలవాటైపోయిందని ఎవరు చెప్పారు? ఆయనే అన్నారా, మీరే అనుకున్నారా? కుక్కర్‌లో ఇంత అన్నం పడేసుకుని, కర్రీ పాయింట్ నుంచి ఒక కూర ప్యాకెట్ తెచ్చుకుని, మిగిలింది రాత్రికి వేడి చేసుకుని తినే పెద్దవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో వీధికొకరు కనిపిస్తున్నారు. భార్య ఉండీ ఒంటరివాళ్లు. బీపీ మాత్ర వేసుకున్నారా అని ఆవిడ అడిగేది కూడా ఫోన్లోనే. కూతురు ఇబ్బంది పడుతుందని ఇద్దరూ నోరు మెదపరు.

మీరు క్లయింట్‌కు ‘ఇప్పుడు కుదరదు’ అని చెప్పలేకపోతున్నారంటే, అమ్మ మీకు ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు గనక. రాత్రి ఎంత ఆలస్యమైనా పాప తిని పడుకుంటుందన్న ధీమా మీది. దాన్ని వాడుకుంటున్నది మీ ఆఫీసు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీరు ఎప్పుడైనా అడిగారా? ఆ అవసరమే రాలేదు, అమ్మ ఉంది కదా!

కన్నవాళ్లు మనకు సాయపడటం మన ఇళ్లలో ఉన్నదే, అందులో తప్పు లేదు. కానీ ఈ వయసులో ఆలుమగలను నాలుగేళ్లు విడదీసి ఉంచే హక్కు ఏ బిడ్డకూ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మీ బాస్‌తో మాట్లాడండి. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఫోన్లు టీమ్‌లో వంతులవారీగా ఒకరే చూడాలి. పొద్దుటి రిపోర్ట్‌కీ వంతులు వేసుకోండి. క్లయింట్ ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే అందరూ లేవాల్సిందే. ప్రెస్‌నోట్‌లో ఒక మాట మార్చడానికి తెల్లారేదాకా ఆగవచ్చు. ఇక మీ వారి ‘వీలైనప్పుడు’ కూడా చెల్లదు. పాపను స్కూలు నుంచి తేవడం, రాత్రి అన్నం పెట్టడం ఆయన వంతు. నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే డాక్టర్‌కు చూపించుకోండి.

ఈ శనివారం అమ్మను వెంటబెట్టుకుని తెనాలి వెళ్లండి. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎక్కడ ఉండాలని ఉందో అడగండి. వాళ్ల తరఫున మీరు జవాబు చెప్పకండి. నాన్నగారు హైదరాబాద్ వస్తానంటే ఆయనకొక గది చూడండి. అమ్మ తెనాలిలోనే ఉంటానంటే, పాపకు వేరే ఏర్పాటు చేసుకోవడానికి ఒక నెల గడువు అడిగి, ఆ నెల కాగానే పంపించండి. ఉద్యోగం సంగతి ఆ తర్వాత రాయండి.