ఎస్‌వీఎన్, గిట్ నడుమ ఒక్కటే తూము

ప్రశ్న: మాది హనుమకొండల ఆరుగురున్న చిన్న ఆఫీసు. క్లయింటు కోడ్ మొత్తం ఎస్‌వీఎన్‌లో (సబ్‌వెర్షన్: కోడ్‌ల ఎవరు ఏం మార్చిన్రో ఒకే సర్వర్‌ల దాచేది) ఉంది, మార్చనీకి వాళ్లు ఒప్పుకుంటలేరు. మా పిల్లలు కాలేజీల గిట్ (అదే పని ఎవరి మిషన్‌ల వాళ్లు చేసుకునేది) తప్ప ఇంకోటి చూడలే. పైగా వారంల మూడు రోజులు కాజీపేట – సికింద్రాబాద్ రైల్లనే పోతయి, అక్కడ వీపీఎన్ నిలవది. మేం గిట్‌ల పనిచేసుకుంట, క్లయింటుకు ఎస్‌వీఎన్‌ల ఇచ్చుడు ఎట్ల?

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు. 'గిట్ ఎస్‌వీఎన్' అనే పనిముట్టు ఉన్నదే ఇందుకు. విండోస్ గిట్‌లో అది లోపలే ఉంటుంది. ఉబుంటులో మాత్రం గిట్-ఎస్‌వీఎన్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. క్లయింటు సర్వర్‌లో ఏమీ కదిలించే పని లేదు. రైల్లో నెట్ లేకున్నా కమిట్లు (దాచిన మార్పుల మూటలు) మీ ల్యాప్‌టాప్‌లోనే పడుతుంటాయి, ఇంటికొచ్చాక పంపొచ్చు.

ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. చెరువు ఎంత పెద్దదైనా నీళ్లు తూములోంచే వదులుతారు, తూము దగ్గర నీరటి ఒక్కడే ఉంటాడు. మీ ఆఫీసులోనూ ఒక్క మిషనే తూము కావాలి. ఎస్‌వీఎన్‌తో మాట్లాడేది అదొక్కటే. మిగతా ఐదుగురూ మామూలు గిట్ సర్వర్‌కు తమ తమ బ్రాంచీలు (విడి పని పాయలు) పుష్ చేస్తారు (పంపుతారు), ప్రధాన బ్రాంచీ అయిన మాస్టర్‌ను ముట్టుకోరు. ఏ గొడవ వచ్చినా ఎస్‌వీఎన్‌లో ఉన్నదే అసలు, గిట్‌లోది దాని నకలు.

తూము మిషన్ మీద మొదటి పని పేర్ల ఫైలు. ఎస్‌వీఎన్‌కు లాగిన్ పేరు చాలు, గిట్‌కు పూర్తి పేరూ ఈమెయిలూ కావాలి. 'ఎస్‌వీఎన్ లాగ్ హైఫన్ క్యూ' కొడితే ప్రతి రివిజన్‌కూ (ఎస్‌వీఎన్‌లో నంబరు పడిన ఒక్కో కమిట్‌కూ) ఒక లైన్ వస్తుంది, నిలువు గీతల మధ్య రెండో గడిలో ఉండేది లాగిన్ పేరు. ఆ పేర్లన్నీ ఏరి, ఒక్కో లైన్‌లో లాగిన్, సమానం గుర్తు, పూర్తి పేరు, కోణపు బ్రాకెట్లలో ఈమెయిల్ రాయండి. పదేళ్ల కింద మానేసినవాళ్లనూ వదలొద్దు. ఒక్క పేరు తప్పిపోయినా, సరిగ్గా ఆ మనిషి కమిట్ దగ్గరే 'ఆథర్ నాట్ డిఫైన్డ్' అని క్లోన్ (ఎస్‌వీఎన్ చరిత్రను గిట్‌లోకి దింపడం) ఆగిపోతుంది. ఆగితే మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. ఫైల్లో ఆ పేరు కలిపి, ఫోల్డర్‌లోకి వెళ్లి 'గిట్ ఎస్‌వీఎన్ ఫెచ్' కొడితే ఆగిన చోటు నుంచే సాగుతుంది. నెట్ తెగినా ఇదే మందు.

తర్వాత క్లోన్. ట్రంక్ (ప్రధాన కోడ్), బ్రాంచెస్, ట్యాగ్స్ (విడుదలల గుర్తులు) అని మూడు ఫోల్డర్లు పద్ధతిగా ఉంటే 'ఎస్‌టీడీలేఅవుట్' ఆప్షన్ ఇవ్వండి. లేకపోతే మూడింటి దారులూ విడివిడిగా చెప్పాలి. ఈ పనిముట్టు ఒక్కో రివిజన్‌నూ విడిగా తెచ్చి గిట్ కమిట్‌గా మారుస్తుంది కాబట్టి పెద్ద రిపాజిటరీకి (కోడ్ భాండారానికి) గంటలు పడుతుంది, కొన్నిటికి రోజులు. రాత్రి పెట్టి వదిలేయండి, కరెంటు పోయినా ఫెచ్ ఉండనే ఉంది. చరిత్ర మొత్తం అక్కర్లేదనుకుంటే ఫలానా రివిజన్ నుంచి హెడ్ (తాజా రివిజన్) దాకా అని హద్దు పెట్టొచ్చు. అయితే హద్దుకు ముందు పుట్టిన బ్రాంచీలకు ట్రంక్‌తో చుట్టరికం తెగిపోతుంది, బ్లేమ్ (ఏ లైన్ ఎవరు రాశారో చూపేది) కూడా అక్కడికే ఆగుతుంది.

రోజువారీ పని ఇట్లా నడవాలి. తూము దగ్గరున్నవారు పొద్దున 'గిట్ ఎస్‌వీఎన్ రీబేస్' కొట్టి క్లయింటు మార్పులు తెస్తారు. కమిట్ చేయని మార్పులుంటే అది కదలదు, ముందు స్టాష్ చేయాలి (పక్కన దాచాలి). తెచ్చింది గిట్ సర్వర్‌లోని మాస్టర్‌కు పుష్ చేస్తారు. ఎవరి బ్రాంచీ సిద్ధమైతే దాన్ని మాస్టర్ మీదికి రీబేస్ చేసి (దాని కమిట్లను మాస్టర్ కొసన మళ్లీ పేర్చి), టెస్టులు నడిపి, 'డీకమిట్' కొడతారు, అంటే కమిట్లను ఎస్‌వీఎన్‌కు పంపుతారు. డీకమిట్‌కు ముందు ప్రతిసారీ 'డ్రై-రన్' ఆప్షన్‌తో ఒకసారి చూడండి. 'కమిటింగ్ టు' అని మొదటి లైన్‌లో వచ్చే చిరునామా చివర ట్రంక్ ఉందా, ఏదైనా రిలీజ్ బ్రాంచీ ఉందా? తప్పు బ్రాంచీకి పోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఎందుకంటే ఎస్‌వీఎన్‌లోకి వెళ్లిన రివిజన్‌ను చెరిపేయలేం, దాని మీద ఎదురు రివిజన్ వేయాల్సిందే.

ఈ తప్పు ఎక్కువగా మెర్జ్ (రెండు బ్రాంచీలను కలపడం) వల్లనే జరుగుతుంది. గిట్ మెర్జ్‌కు ఇద్దరు తల్లిదండ్రులు, ఎస్‌వీఎన్ చరిత్ర మాత్రం ఒకే వరస. మెర్జ్ కమిట్‌ను డీకమిట్ చేస్తే పక్క బ్రాంచీ కమిట్లన్నీ ఒకే ముద్దగా వెళ్తాయి. అదే బ్రాంచీ ఇంకో ఎస్‌వీఎన్ బ్రాంచీ మీద పుట్టినదై, మెర్జ్ ఫాస్ట్-ఫార్వర్డ్ అయిపోతే (కొత్త మెర్జ్ కమిట్ లేకుండా మాస్టర్ నేరుగా ముందుకు జరిగితే), మీ మాస్టర్ ఏ ఎస్‌వీఎన్ బ్రాంచీ పక్షాన ఉందో పనిముట్టు వేరేగా లెక్కేస్తుంది. అందుకని రీబేస్ చేయండి, లేదంటే 'మెర్జ్ స్క్వాష్' చేసి ఒకే కమిట్‌గా పంపండి.

ఇంకో చిక్కు. ఎస్‌వీఎన్ 'అవుట్ ఆఫ్ డేట్' అని ఆపేది, మీరు మార్చిన ఫైలునే వేరేవాళ్లూ మార్చినప్పుడు మాత్రమే. వాళ్లు వేరే ఫైలు మారిస్తే డీకమిట్ నిశ్శబ్దంగా రీబేస్ చేసుకుని వెళ్లిపోతుంది. అంటే ఆ రెండు మార్పులూ కలిసి ఉన్న కోడ్‌ను ఎవరూ నడిపి చూడనే లేదు. డీకమిట్ తర్వాత ఒకసారి బిల్డ్ చేయడం అలవాటు చేసుకోండి.

డీకమిట్ నడుమ నెట్ పోయి ఐదులో రెండే వెళ్తే కంగారు పడొద్దు. 'గిట్ ఎస్‌వీఎన్ రీబేస్' కొడితే వెళ్లిన రెండింటినీ గుర్తుపట్టి వదిలేస్తుంది, మూడు మిగులుతాయి.

చివరగా, అన్నీ ఒకే మిషన్ నుంచి వెళ్తే క్లయింటుకు అన్ని కమిట్లూ ఒక్క మనిషి చేసినట్టే కనబడతాయి. 'యాడ్-ఆథర్-ఫ్రమ్' పెడితే అసలు రాసినవారి పేరు సందేశం కింద 'ఫ్రమ్' లైన్‌గా పడుతుంది. దానికి జతగా 'యూజ్-లాగ్-ఆథర్' పెడితే తిరిగి తెచ్చేటప్పుడు గిట్‌లో ఆ పేరే వస్తుంది. ఒకటి పెట్టి రెండోది మరిచిపోతే సగం పనే అవుతుంది.

ప్రశ్న: మేమూ కరీంనగర్‌ల గిట్లనే ఒక మిషన్ పెట్టుకున్నం. నేను నా నాలుగు కమిట్లు మాస్టర్‌కు పుష్ చేసి, తర్వాత డీకమిట్ చేసిన. మా దోస్తు పుల్ చేస్తే (తెచ్చుకుంటే) నాలుగుకు ఎనిమిదయినయ్. గిట్‌ల గిట్ల ఎందుకైతున్నది?

జవాబు: మీరు పుష్ చేసినవి, డీకమిట్ తర్వాత మీ దగ్గర ఉన్నవి ఒకటి కావు. 'గిట్ లాగ్' తీసి ఒక కమిట్ సందేశం అడుగు చూడండి. 'గిట్-ఎస్‌వీఎన్-ఐడీ' అని మొదలై, ట్రంక్ చిరునామా, దానికి ఆనుకుని యాట్ గుర్తు, 4812 లాంటి రివిజన్ నంబరు, ఆ పక్కన రిపాజిటరీ పొడవాటి గుర్తింపు అంకె ఉంటాయి. డీకమిట్ చేసేది ఇదే. ప్రతి కమిట్‌నూ ఎస్‌వీఎన్‌కు పంపి, తిరిగి తెచ్చుకుని, ఈ లైన్ అతికించి, సమయం సర్వర్‌ది వేసి కొత్త కమిట్ చేస్తుంది. సందేశంలో ఒక్క అక్షరం మారినా గిట్ హ్యాష్ (కమిట్ గుర్తింపు అంకె) మారిపోతుంది. మీ దోస్తు దగ్గర పాత హ్యాష్‌ల నాలుగు, మీ దగ్గర కొత్తవి నాలుగు. పుల్ చేస్తే గిట్ వాటిని వేర్వేరు కమిట్లనుకుని మెర్జ్ చేసింది.

ఆయన సొంత కమిట్లు పైన లేకపోతే ఫెచ్ చేసి, 'రీసెట్ హార్డ్'తో గిట్ సర్వర్ మాస్టర్ మీదికి వచ్చేస్తే సరి. ముందు మీరు కొత్త మాస్టర్‌ను అక్కడికి ఫోర్స్ పుష్ చేసి ఉండాలి సుమా. సొంత కమిట్లు ఉంటే రీసెట్‌కు ముందే ఒక పక్క బ్రాంచీ కట్టుకుని, తర్వాత ఆ ఒకటి రెండింటినే చెర్రీ-పిక్ చేసుకోవాలి (ఏరి తెచ్చుకోవాలి). ఎనిమిది కమిట్లున్న ఆ మెర్జ్‌ను డీకమిట్ చేసే సాహసం మాత్రం వద్దు.

ఇకపై వరస తిప్పండి: డీకమిట్ ముందు, పుష్ తర్వాత. మాస్టర్‌ను గిట్ సర్వర్‌లో ప్రొటెక్ట్ చేసి తూము మిషన్ ఖాతాకే అనుమతి ఇవ్వండి. మాటతో ఆగని చేయి అనుమతితో ఆగుతుంది. అందరి మిషన్లలో 'పుల్ డాట్ రీబేస్' ట్రూ చేయండి.

పనిలో పనిగా ఒక సూచన. రెండో మిషన్‌లో గిట్ ఎస్‌వీఎన్ క్లోన్ చేయాల్సి వస్తే పేర్ల ఫైలు అదే, చిరునామా కూడా అదే ఉండాలి. ఒకచోట హెచ్‌టీటీపీఎస్, ఇంకోచోట ఎస్‌వీఎన్ ప్లస్ ఎస్‌ఎస్‌హెచ్ వాడితే ఆ ఐడీ లైన్ మారుతుంది, హ్యాష్‌లన్నీ మారతాయి. తప్పనిసరైతే 'రీరైట్‌రూట్' సెట్టింగ్‌లో రెండింటికీ ఒకే చిరునామా ఇవ్వాలి, అదీ మొదటి ఫెచ్‌కు ముందే.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి రాస్తున్నాను. పాఠాల యాప్‌లో ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టాం. పాత మ్యాక్‌లో ఎస్‌వీఎన్ చెకౌట్ చేస్తే 'సైన్స్' ఫైలు లేదంటుంది, అదే పేరుతో ఇంకో ఫైలు కొత్తగా వచ్చిందంటుంది. 'గణితం' మాత్రం బాగానే ఉంది. గిట్‌లోకి తెస్తే పోతుందా?

జవాబు: తప్పంతా ఐత్వానిది. యూనికోడ్‌లో (కంప్యూటర్‌లో అక్షరాలకు కోడ్‌లిచ్చే పద్ధతిలో) ఐత్వం గుర్తును రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌గా, లేదా ఎత్వానికి ఇంకో చిన్న గుర్తు కలిపి రెండు కోడ్‌లుగా. కంటికి తేడా ఉండదు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్క్ ఫైలు పేర్లను విడదీసి దాస్తుంది. ఎస్‌వీఎన్‌కు అవి రెండు వేరే పేర్లు, అందుకే ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. తెలుగు గుర్తుల్లో ఇట్లా విడిపోయేది ఐత్వం ఒక్కటే కాబట్టి 'గణితం' క్షేమం.

గిట్‌లో దీనికోసమే 'కోర్ డాట్ ప్రీకంపోజ్‌యూనికోడ్' ఉంది, మ్యాక్‌లో అది ట్రూగా ఉందో లేదో చూడండి. కానీ విడిపోయిన పేరు ఎవరైనా ఈపాటికే ఎస్‌వీఎన్‌లో కమిట్ చేసి ఉంటే రెండు ఫైళ్లూ గిట్‌లోకి వచ్చేస్తాయి. లైనక్స్ మిషన్‌లో చెకౌట్ చేసి, రెండింటినీ పోల్చి, ఒకటి తీసేయండి. అసలు ఫైలు పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టి తెలుగు శీర్షిక లోపల ఉంచితే ఈ బాధే లేదు.

ప్రశ్న: ఎస్‌వీఎన్ కాదు, మాది మెర్క్యూరియల్. ఇదే పద్ధతా? (మంచిర్యాల)

జవాబు: మీది సులువు. మెర్క్యూరియల్, గిట్ రెండూ 2005లో పుట్టినవే, రెండిట్లోనూ మెర్జ్‌కు ఇద్దరు తల్లిదండ్రులే కాబట్టి మెర్జ్‌లు చెక్కుచెదరవు. మెర్క్యూరియల్‌కు 'హెచ్‌జీ-గిట్' ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే నేరుగా గిట్ సర్వర్‌కే పుష్, పుల్ చేయొచ్చు. గిట్ బ్రాంచీకి సరిపోయేది మెర్క్యూరియల్ బుక్‌మార్క్, దాని బ్రాంచీ కాదు. పుష్ చేసే ముందు డీఫాల్ట్ (మెర్క్యూరియల్ ప్రధాన బ్రాంచీ) మీద మాస్టర్ అనే బుక్‌మార్క్ పెట్టండి.

ప్రశ్న: మా క్లయింటు చివరికి ఒప్పుకున్నడు. వచ్చే నెల ఎస్‌వీఎన్ మూసి మొత్తం గిట్‌కే పోతున్నం. చివరి రోజు ఏం చూసుకోవాలె? (వరంగల్)

జవాబు: ముందు ఎస్‌వీఎన్‌ను చదవడానికి మాత్రమే అని బిగించండి. ఆథ్‌జెడ్ (అనుమతుల) ఫైల్లో అందరికీ 'ఆర్' (చదివే అనుమతి) మాత్రమే ఉంచితే చాలు. తెరిచిపెట్టి చివరి ఫెచ్ చేస్తే, ఆ సందులో ఎవరో ఒకరు కమిట్ చేస్తారు.

ఒక్కసారి మార్పుకు 'నో-మెటాడేటా'తో కొత్త క్లోన్ చేస్తే ఐడీ లైన్లు లేకుండా శుభ్రంగా వస్తుంది. కానీ మీ పాత బగ్ టికెట్లలో 'ఆర్ 4812లో సరిచేశాం' లాంటివి ఉంటే ఆ లైన్లు ఉంచుకోవడమే మేలు. చూడ్డానికి మురికిగా ఉన్నా, రేపు వెతకడానికి అదే ఆధారం. ఎస్‌వీఎన్ ట్యాగులు గిట్‌లో రిమోట్ బ్రాంచీలుగా దిగుతాయి, వాటిని ఒక్కొక్కటిగా అసలు ట్యాగులుగా మార్చాలి. 'క్రియేట్-ఇగ్నోర్' కొడితే ఎస్‌వీఎన్ ఇగ్నోర్ జాబితాలు గిట్‌ఇగ్నోర్ ఫైళ్లవుతాయి. ఎక్స్‌టర్నల్స్ (వేరే చోటి నుంచి తెచ్చి కలుపుకున్న కోడ్) మాత్రం రావు, వాటిని సబ్‌మాడ్యూళ్లుగా చేతితోనే పెట్టుకోవాలి.

చరిత్రలో ఎవరో ఎప్పుడో పెట్టి తీసేసిన జిప్ ఫైళ్లూ, డేటాబేస్ బ్యాకప్‌లూ వెతకండి. ఎస్‌వీఎన్‌లో అవి సర్వర్‌లో పడి ఉంటాయి, గిట్‌లో క్లోన్ చేసిన ప్రతివాళ్ల ల్యాప్‌టాప్‌కూ వస్తాయి. గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఫైలును పుష్ చేయనివ్వదు. 'ఫిల్టర్-రెపో'తో తీసేయాలంటే జనం క్లోన్ చేసుకోకముందే తీసేయాలి, ఎందుకంటే హ్యాష్‌లన్నీ మారిపోతాయి.

ఆఖరి పరీక్ష ఇది: ఎస్‌వీఎన్ ట్రంక్‌ను ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, గిట్ మాస్టర్‌ను ఇంకో ఫోల్డర్‌లో చెకౌట్ చేసి, 'డిఫ్ హైఫన్ ఆర్'తో పోల్చండి. ఖాళీ ఫోల్డర్లు గిట్‌లో ఉండవు, డాలర్ గుర్తుల నడుమ ఉండే 'ఐడీ' లాంటి కీవర్డ్‌లు విచ్చుకోవు, లైన్ చివర్లు ఎస్‌వీఎన్ 'ఈఓఎల్-స్టైల్' వల్ల వేరుగా ఉండొచ్చు. ఆ మూడూ, గిట్‌ఇగ్నోర్ ఫైళ్లూ, ఎక్స్‌టర్నల్స్ తప్ప ఇంకేదైనా తేడా కనబడితే ఆ రోజు ఎస్‌వీఎన్ మూయకండి. రిలీజ్ బ్రాంచీలకూ, చివరి రెండు మూడు ట్యాగులకూ ఇదే పోలిక చేయండి. ట్రంక్ బాగుండి ట్యాగ్ చెడిపోయిన సందర్భాలు తక్కువేం కాదు.