ఇంటి షెడ్డులో పెయింట్ బూత్ కట్టుకుని బైకు ట్యాంకుకి మనమే రంగు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. మాది పర్లాకిమిడి. కారు షెడ్డులో పీవీసీ పైపులతో చట్రం కట్టి, చుట్టూ పాలిథిన్ షీటు దించి నేను వేస్తూనే ఉన్నాను. షీటు ఎంత మందం, పైపు ఎన్ని అంగుళాలు అని అందరూ అడుగుతారు గానీ, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందని ఒక్కరూ అడగరు. అసలు విషయం అదే.

వీడియోలు చూసి చాలామంది ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తారు. అది లోపలి గాలిని లాగుతుంటే షీటులో సందు ఉన్న ప్రతిచోటా బయటి దుమ్ము దూరుతుంది. పైగా థిన్నర్ ఆవిరంతా ఆ మోటారు మీదుగానే పోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే నేను గాలిని లోపలికి నెడతాను. పాత ఎయిర్ కూలర్‌లో పంపు పీకేసి, మూడు పక్కలా గడ్డి తీసి ఫిల్టర్ గుడ్డ బిగించాను. కూలర్ బయటే ఉంటుంది, మూతి ఒక్కటే బూత్‌లోకి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి బయటికి పోయే దారి ఎదుటి పక్కన నేలకి దగ్గరగా, ఆరుబయటికి ఉండాలి. ట్యూబులైట్లు కూడా షీటుకి అవతలే. కరెంటు పోతే స్ప్రే గన్ ఆపేయండి. కంప్రెసర్‌లో గాలి మిగిలింది కదా అని కొట్టేసేవాళ్లున్నారు, కూలర్ ఆగిపోయిన సంగతి చూసుకోరు.

ఇంత చేసినా మనుషుల్ని ఆపే ఫిల్టర్ లేదు. పాతపట్నంలో ఉండే మా బావ తన ఎర్ర బుల్లెట్ తెచ్చి నలుపు చేయమన్నాడు. అప్పుడే తొలకరి పడింది, సంక్రాంతి తర్వాత చేద్దామంటే వినడే. ఆ రోజు కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. ఆఖరి కోటు అద్దంలా వచ్చింది. బయట లైటుకి ఉసిళ్లు ముసురుకుని షీటు నిండా పాకుతున్నాయి, లోపలికి మాత్రం ఒక్కటీ లేదు. సరిగ్గా అప్పుడు బావ "ఏటోయ్, ఆరిందా?" అంటూ తెర ఎత్తాడు. ఇంకేముంది, రెక్కలతో సహా ట్యాంకు మీద వాలిపోయాయి. "ఉండు, నేను ఏరేస్తాను" అని బొటనవేలు కూడా అద్దాడు. అది ఆరాక నీటి పేపరుతో రుద్ది మళ్లీ కొట్టింది నేను, ఆలస్యానికి అక్క చేత ఫోనులో తిట్లు తిన్నదీ నేనే.

వానాకాలంలో ఉసిళ్లు ఒక్కటే కాదు. థిన్నర్ గబగబా ఆరిపోతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పట్టి నేను వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, హార్డెనర్ అక్కర్లేనిది) పెయింటు తెల్లబడిపోతుంది. ఇటు కోతలు, నూర్పిళ్లు మొదలైతే ఊరంతా ధూళి, మా వెనక రైస్ మిల్లు ఊక వేరే. అందుకే మా వైపు రంగులకి సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులే మంచివని నా గట్టి అభిప్రాయం. చలిదేశం వాడు వీడియోలో దుమ్ము లేవకుండా నేల తడపమన్నాడని జూన్‌లో బకెట్లు పోయకండి.

మరో మాట. హార్డెనర్ (గట్టిపడే మందు) కలిపే పీయూ (పాలీయూరిథేన్) పెయింట్లు ఇంట్లో వద్దు. అందులోని ఐసోసయనేట్లు ముక్కుకి వాసన తెలిసేలోపే హాని చేస్తాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కాస్త తగిలినా ఉబ్బసం వస్తుంది. గుడ్డ మాస్కు దానికి అడ్డమే కాదు. పైపుతో బయటి గాలి అందే మాస్కు ఉన్న షాపులో వేయించుకోండి. ఎన్‌సీ మీద పెట్రోలు ఒలికితే మెరుపు పోతుంది గనక ట్యాంకుకి పైన రంగులేని పీయూ క్లియర్ కోటు కోసం నేను షాపుకే పంపిస్తాను. అక్కడి పెయింటర్ "కింద రంగు ఎవరు కొట్టారు?" అని మూతి విరుస్తాడు, డబ్బులు మాత్రం మొత్తం బండికి తీసుకున్నట్టే తీసుకుంటాడు.

రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి. మా బావ ఇంతవరకూ ఆ పని చేయలేదు. రోడ్డు మీద చెకింగ్ ఉందని తెలిస్తే చాలు, బుల్లెట్ మా షెడ్డులో పెట్టేసి ఆటోలో వెళ్లిపోతాడు. అది కదిలేదాకా నా బూత్ మడిచి మూలనే ఉంటుంది.