విరూపణ్ణ కథ తీయాలంటే లేపాక్షి పైకప్పు చూడండి

ఖజానా సొమ్ము గుడికి పెట్టి కళ్లు పోగొట్టుకున్న లేపాక్షి విరూపణ్ణ కథను కళ్లు చెదిరేలా సినిమా తీయాలంటే గ్రాఫిక్స్‌కు ఎంతవుతుందని అడిగారు. గ్రాఫిక్స్ మాట తర్వాత. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దంలోనే స్టోరీబోర్డులాంటి (సీన్లను ముందే గీసుకునే బొమ్మల వరస) బొమ్మలు గీసి పెట్టారు, ముందు అది చూడండి.

ఆ బొమ్మల్లో ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ ఉంటాయి. నీలం దాదాపు కనపడదు. మనవాళ్లు పాతకాలం అనగానే రాత్రికి నీలం, పగటికి పొగమంచు పట్టిస్తారు. హిందూపురం ఎండలో పొగమంచేమిటి? సైనికులకు తోలు కవచాలు మరీ అన్యాయం. పొడవాటి కుళ్లాయిలు, రకరకాల అంచుల బట్టలు ఆ బొమ్మల్లోనే ఉన్నాయి కదా!

ఇంకోటి. అక్కడ ముఖాలు ఎక్కువగా పక్కనుంచే కనపడతాయి, ఒకే కన్ను. నీడలు ఉండవు. కాబట్టి కొలువు సీన్లన్నీ అలాగే తీయాలి: సెట్ పైన తెల్లబట్ట కట్టి ఎండను మెత్తబరచాలి, దూరం నుంచి, లోతు తగ్గి బొమ్మలా కనపడేలా, 85 లేదా 100 ఎం.ఎం. లెన్స్ వాడాలి, కెమెరాను పక్కకే జరపాలి.

ఇదంతా ఒక్క సీను కోసం. అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి పెట్టాడని, అతని కళ్లు తీయమని రాజు అంటే తనే పెరికి గోడకు విసిరాడని గాథ. కల్యాణమండపం దగ్గర ఆ రెండు ఎర్ర మరకలు ఇప్పటికీ చూపిస్తారు. విరూపణ్ణ ముఖం మొదటిసారి ఎదురుగా, రెండు కళ్లతో, ఇక్కడే కనపడాలి. మొదటి నీడ కూడా ఇక్కడే పడాలి.

వెలుగు ఒక్క దీపానిదే. దీపం మంట సుమారు 1900 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, తగ్గేకొద్దీ ఎరుపు). వైట్ బ్యాలెన్స్, అంటే దేన్ని తెలుపుగా చూడాలో కెమెరాకు చెప్పే సెట్టింగు, ఆటోలో వదిలితే కెమెరా దాన్ని తెలుపు వైపు లాగి సీనును చంపేస్తుంది, 3200 దగ్గర బిగించండి. పక్కన కరెంటు లైటు ఏదైనా తోడు పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు మిణుకు రావచ్చు. అది రాకుండా, సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే వ్యవధి) 172.8 డిగ్రీలు పెట్టాలి. సెట్‌లోని ఫైబర్ గోడ దీపం పక్కన ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, మెరుపులేని రంగులో సన్న ఇసుక కలిపి పూయించండి.

పెరకడం చూపించొద్దు. చెయ్యి పైకి లేస్తుంది, అంతే, గోడకు కట్ చేయాలి. కారే నెత్తురు వద్దు. ఈ సీనులో అంతవరకూ ఫ్రేములో ఎక్కడా ఎరుపు లేకుండా చూసుకుని, గోడ మీద జాజుతో (ఎర్రమట్టి రంగు) రెండే మరకలు వేయించండి.