ముందు ఆవు ఎక్కడ తాగుతుందో చూడు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలోని నెబ్రాస్కా ఇసుక కొండల్లో పశువుల రాంచ్, పెద్దాయన చావు, కొడుకు తిరిగిరావడం. మనుషులు కుదిరారు, నేల కుదరలేదు. "కనుచూపు మేర ఏమీ లేదు" అని మూడుచోట్ల రాశావు. ఎందుకు లేదూ? నీళ్లున్నాయి, దారి ఉంది. మిగతాదంతా వాటిని పట్టుకునే ఉంది.

ఆవు నీటికి మైలూ రెండు మైళ్లు మించి దూరం పోయి మేయడానికి ఇష్టపడదు. అందుకే గాలిమర తోడిన నీళ్ల తొట్టి చుట్టూ ఇసుక తేలి ఉంటుంది, అవతలి కొండ మీద గడ్డి ఎవరూ ముట్టనట్టుంటుంది. కొడుకు ఆ తేడా గమనిస్తే చాలు, ఆఖరి రోజుల్లో తండ్రికి మందను కదిలించే ఓపిక లేకపోయిందని తెలిసిపోతుంది. నాలుగు పేజీల ఏడుపు తీసెయ్.

అక్కడి డిస్మల్ నది వేసవిలో ఎండిపోయినట్టు రాశావు. అనంతపురం వాగులు మనసులో మెదిలినట్టున్నాయి! అది వాననీటి వాగు కాదు. ఇసుక కిందున్న ఒగలాల అనే పెద్ద భూగర్భజల నిల్వ నుంచి ఊరే నీటితో పారే నది, ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కరువు కావాలంటే గడ్డిలో చూపించు.

మిడిల్ లూప్ నది వెంట రైలు పట్టాలు, వాటి పక్కనే 2వ నంబరు హైవే, దాని మీద హాల్సీ, థెడ్‌ఫర్డ్ ఊళ్లు. ఇంకాస్త పడమరకు ములెన్. అక్కణ్ణుంచి ఉత్తరాన వేలంటైన్‌కు 70 మైళ్ల పైచిలుకు, దారిలో ఊరు తగలదు. పెట్రోలు చూసుకోకుండా బయల్దేరి ఒకసారి నేను పడ్డ కంగారు ఇంకా గుర్తే.

పొడినేలల్లో పశువుల కమతం కనీసం 2,560 ఎకరాలుండాలని, హద్దులు నీటిని బట్టి గీయాలని, ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటేనే బడీ దారీ నిలుస్తాయని అమెరికా పడమటి నేలల్ని సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్ 1878లోనే చెప్పాడు. ప్రభుత్వం వినలేదు. 1904 కింకైడ్ చట్టం అక్కడ స్థిరపడేవాళ్లకు 640 ఎకరాల చొప్పున ఇచ్చింది. చాలామంది నెగ్గుకురాలేక అమ్ముకుపోయారు, పెద్ద రాంచ్‌లవాళ్లు కొనుక్కున్నారు. ఇది కథలో పెట్టకు. పెద్దాయనకు అంత నేల ఎలా వచ్చిందో నీకు తెలిసుంటే చాలు.

చివరిగా, మూడో పేజీలో అతను కారు దిగి గేటు తీస్తాడు. కౌంటీ దారైతే సాధారణంగా గుంట మీద ఇనుప కమ్మీలు పరిచి ఉంటాయి, అక్కడివాళ్లు ఆటోగేట్ అంటారు. కారు దాటుతుంది, ఆవు కాలు పెట్టదు. ఇంటి దారైతే తీగ గేటు ఉండొచ్చు. అతను ఏ దారిన వచ్చాడో తేల్చుకుని ఆ పేజీ మళ్లీ రాసి పంపు.